నైజాం తెర మీద రజాకార్ల కాలం

1924లో హైదరాబాదు నుంచి ఒక సినిమా మనిషిని నిజాం సర్కారు సాగనంపింది. ఆయన పేరు ధీరేంద్రనాథ్ గంగూలీ. కలకత్తా మనిషి. ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి రెండేళ్లలో వరసగా మూకీలు తీశాడు, అంతవరకు దర్బారు ఆయన్ని చల్లగానే చూసింది. బొంబాయిలో తయారైన 'రజియా బేగం' బొమ్మను నగరంలో ఆడించడంతో కథ అడ్డం తిరిగింది. తెర మీద హిందూ ముస్లిం ప్రేమ కనపడేసరికి ప్రభువులకు కోపం వచ్చింది. గంగూలీ పెట్టే బేడా సర్దుకున్నాడు. కలకత్తా వెళ్లి అక్కడ పెద్ద పేరే తెచ్చుకున్నాడు, అది వేరే కథ. హైదరాబాదు రాజ్యం మాత్రం తన కథను తాను తెర మీద చూసుకోవడానికి ఆ తరవాత యాభై ఏళ్లకు పైగా ఆగింది.

సినిమాలు రాలేదని కాదు. సికింద్రాబాదు కంటోన్మెంటులో తెల్ల సోల్జర్లకు ఇంగ్లీషు బొమ్మలు ఆడేవి. పరేడ్ గ్రౌండ్స్ చుట్టుపక్కల తివోలి, ప్లాజా హాళ్ల పేర్లు ఈనాటికీ చౌరస్తాలకు మిగిలాయి. తెలుగు సినిమా మద్రాసులో తయారై ఇక్కడికి డబ్బాల్లో వచ్చేది. తీసేవాళ్లు ఎక్కువమంది కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాళ్లు. వాళ్లకు నైజాం అంటే వసూళ్లొచ్చే ఏరియా. ఈ పక్క జనం టిక్కెట్లు కొన్నారు కానీ, వీళ్ల కథ ఎవరికీ పట్టలేదు. 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీసి జమీందార్ల ఆగ్రహం చవిచూసిన గూడవల్లి రామబ్రహ్మం లాంటివాడు సర్కారు జిల్లాల్లో పుట్టాడు. వెట్టి, గడి, దేశ్‌ముఖ్ అనే మాటలు తెలిసిన గూడవల్లి ఈవైపు ఒక్కడూ లేడు. ఉంటే గింటే పుస్తకాల వైపు ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను మొదలుపెట్టింది సికింద్రాబాదులోనే. బ్రిటిష్ వాళ్ల అజమాయిషీ ఉన్న చోటు కాబట్టి నిజాం పోలీసుల చెయ్యి ఇక్కడ కాస్త తక్కువ ఆడేది. అచ్చుకు దొరికిన ఆ ఊపిరి సినిమాకు దొరకలేదు.

మతం పేరిట కత్తులు దూసుకున్న కథను తెలుగు తెర అసలు ముట్టుకోలేదా అంటే, ముట్టుకుంది. చేతికందిన కథ పల్నాడు. గూడవల్లి మొదలుపెట్టి మధ్యలో కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేసిన 'పల్నాటి యుద్ధం' 1947లో విడుదలైంది. వైష్ణవుడు బ్రహ్మనాయుడు, శైవురాలు నాగమ్మ, చాపకూడు, కోడిపందెం, కారంపూడి నెత్తురు. గోవిందరాజుల సుబ్బారావు, కన్నాంబ ఎదురెదురుగా నిలబడ్డారు. 1966లో ఎన్టీ రామారావు, భానుమతి అవే పాత్రలు కట్టారు. రెండింటిలోనూ మతం పైపూతగానే ఉంటుంది. ప్రేక్షకుడికి గుర్తుండేది బాలచంద్రుడి వీరం, నాగమ్మ మంత్రాంగం. ఎనిమిది వందల ఏళ్ల కిందటి పగ కాబట్టి శైవులకూ కోపం రాదు, వైష్ణవులకూ రాదు. మద్రాసు స్టూడియోలో కారంపూడి యుద్ధం షూటింగు జరుగుతున్న రోజుల్లోనే నల్లగొండ, వరంగల్లు ఊళ్లలో రజాకార్లు కవాతు చేస్తున్నారు. దాని మీద కెమెరా పెట్టే ధైర్యం అప్పటికి ఎవరికీ లేదు.

ఇంతకీ ఆ కాలం ఎలాంటిది? సినిమాల సంగతి తరవాత, ముందు సరిహద్దు సంగతి చెప్పుకోవాలి. మన సినిమాలన్నీ వదిలేసింది అదే. 1941 జనాభా లెక్కల ప్రకారం కోటీ అరవై మూడు లక్షల జనం, పదహారు జిల్లాలు ఉన్న రాజ్యం అది, నాలుగు వైపులా బ్రిటిష్ ఇండియా. దాని రూపాయి వేరు. ఏడు హాలీ సిక్కా రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు వచ్చేవి. జగ్గయ్యపేట నుంచి కోదాడ రావాలన్నా, కొండపల్లి దాటి ఎర్రుపాలెం రైల్లో రావాలన్నా కరోడ్‌గిరీ వాళ్లు మూటలు విప్పించి సుంకం కట్టించుకునేవాళ్లు. గీత కూడా తిన్నగా లేదు. మునగాల పరగణా నల్లగొండ జిల్లా కడుపులో ఉండి కృష్ణా జిల్లా కింద నడిచేది. పరిటాల చుట్టుపక్కల ఊళ్లు కృష్ణా జిల్లా మధ్యన ఉండి నిజాం కింద నడిచేవి. పక్కూరికి పోవడమంటే పరాయి రాజ్యానికి పోవడం. నిజాం పోలీసు తరిమితే మునగాలలో దూరడం, మద్రాసు పోలీసు తరిమితే ఇటు దూరడం కమ్యూనిస్టులకూ కాంగ్రెసు వాళ్లకూ అలవాటైన విద్య.

1947 ఆగస్టు తరవాత ఈ గీత ఒక్కసారిగా రెండు దేశాల సరిహద్దయింది. నిజాం భారత యూనియన్‌లో చేరలేదు. స్టేట్ కాంగ్రెసు వాళ్లు బెజవాడ, షోలాపూరు, చాందా లాంటి చోట్ల సరిహద్దు శిబిరాలు పెట్టి లోపలికి దాడులు చేశారు. లోపల రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం సికింద్రాబాదు కంటోన్మెంటులో ఉన్న భారత సైన్యం 1948 మొదట్లో ఖాళీ చేసి వెళ్లిపోయింది. యూనియన్ తరఫు ఏజెంట్ జనరల్‌గా వచ్చిన కె.ఎం. మున్షీ బొల్లారంలో మకాం పెట్టి, చుట్టూ ఏం జరుగుతోందో ఢిల్లీకి రాస్తూ కూచున్నాడు. సైన్యం పోయిన కంటోన్మెంటు పక్కన రజాకార్ల లారీలు తిరుగుతుంటే సికింద్రాబాదు బజారు సాయంత్రానికే తలుపులు వేసుకున్న రోజులవి. బెజవాడ రైలు ఎక్కగలిగినవాళ్లు ఎక్కారు.

ఈ రజాకార్లు ఎవరు? లాతూరు వకీలు కాసిం రజ్వీ చేతికి 1946లో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ వచ్చింది, రజాకార్లు దాని వాలంటీరు దళం. అంతకుముందు బహదూర్ యార్ జంగ్ కాలంలోనే 'అనల్ మాలిక్' అనే సిద్ధాంతం పుట్టింది. రాజ్యం నిజాముది కాదు, ప్రతి ముసల్మానూ పాలకుడే అని దాని సారం. టాంగా తోలేవాడికి, చిల్లర కొట్టు నడిపేవాడికి, పటేలు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డవాడికి ఈ మాట ఎంత మత్తెక్కించి ఉంటుందో ఊహించుకోవచ్చు. దాని మీద రజ్వీ ఉపన్యాసాలు, ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామనే ఆవేశం. ఆ ఉన్మాదం కల్పన కాదు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎత్తడానికి వచ్చిన జనం మీద కాల్పుల్లో ఇరవై రెండుమంది చనిపోవడం కల్పన కాదు.

బైరాన్‌పల్లి సంగతి ఇంకాస్త దగ్గరగా చూడాలి. ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఉంది. ఊరి నడిమధ్యన రాళ్లు మట్టి కలిపి కట్టిన గుండ్రటి బురుజు. దాని మీద నుంచి చూస్తే నాలుగు వైపులా దారులు కనపడతాయి. ఊరివాళ్లు రక్షక దళం కట్టుకున్నారు. బురుజు మీద వంతులవారీగా కాపలా, దుమ్ము లేస్తే నగారా. నగారా వినపడితే ఆడవాళ్లూ పిల్లలూ లోపలికి, మగవాళ్లు బయటికి. చేతుల్లో ఉన్నవి వడిసెలలు, బర్మారు తుపాకులు, కారప్పొడి. ఈ సరంజామాతోనే అంతకుముందు వచ్చిన రజాకార్లను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున వాళ్లు పోలీసును, సైన్యాన్ని వెంటేసుకుని వచ్చారు. బురుజు నిలవలేదు. దొరికిన మగవాళ్లను ఊరి బయట వరసగా నిలబెట్టి కాల్చారు. చనిపోయినవాళ్లు వందకు అటూఇటూ. ఆడవాళ్ల మీద జరిగింది ఆ ఊళ్లో చాలాకాలం గొంతు తగ్గించి చెప్పుకున్నారు. మరో మూడు వారాలు గడిచి ఉంటే యూనియన్ సైన్యం వచ్చేసేది.

ఇది ఒక సగం. రెండో సగంలో హిందువులూ ఉన్నారు. నిజాం ప్రధాని మీర్ లాయక్ అలీ మంత్రివర్గంలో ఉపప్రధాని పింగళి వెంకటరామారెడ్డి, పెద్ద భూస్వామి. దళిత నాయకుడు బి.ఎస్. వెంకట్రావు విద్యామంత్రి. నలభై వేల ఎకరాల విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపిన నాటికి రజాకారు అన్న మాటే ఊళ్లలో పెద్దగా వినపడలేదు. కమ్యూనిస్టుల సంఘం భయంతో ఊళ్లు వదిలి పట్నం చేరిన దొరలు తిరిగి రావడానికి రజాకార్ల లారీలు ఎక్కారు. రజాకార్ల మంటకు మతం చమురైతే, చాలా ఊళ్లలో అగ్గిపుల్ల గీసింది గడి. ఈ రెండు చేతులనూ ఒకే ఫ్రేములో చూపించిన సినిమా మనకు ఇంతవరకు రాలేదన్నదే నా ఫిర్యాదు.

1948 సెప్టెంబరు 13న పోలీస్ యాక్షన్ మొదలైంది. పడమట షోలాపూరు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి, తూర్పున బెజవాడ నుంచి మేజర్ జనరల్ రుద్ర దళాలు కదిలాయి. అయిదు రోజుల్లో ముగిసింది. 17 సాయంత్రం నిజాం రేడియోలో మాట్లాడాడు. మరునాడు సికింద్రాబాదు పొలిమేరలో నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ చౌధురి ముందు లొంగిపోయాడు. కాసిం రజ్వీ అరెస్టయ్యాడు. బీబీనగర్ దోపిడీ కేసులో ఏడేళ్ల శిక్ష పడింది. 1957లో విడుదలై పాకిస్తాను వెళ్లిపోయాడు, 1970లో అక్కడే పోయాడు. చంపినవాళ్ల పేర్లు ప్రతి ఊరికీ తెలుసు. శిక్షలు మాత్రం వేళ్ల మీద లెక్క.

అమెరికా వాళ్లకు ఇలాంటి గాయమే ఒకటుంది. 1857 సెప్టెంబరు 11న యూటా రాజ్యపు అంచున, మౌంటెన్ మెడోస్ అనే బీడులో, ఆర్కన్సా నుంచి కాలిఫోర్నియా పోతున్న బండ్ల గుంపును మార్మన్ మిలీషియా తెల్లజెండా చూపించి నమ్మించి ఊచకోత కోసింది. నూట ఇరవై మంది దాకా పోయారు. మాటలు సరిగా రాని పదిహేడుమంది పిల్లల్ని వదిలేశారు. శిక్ష అమలైంది జాన్ డి. లీ ఒక్కడికే, 1877లో. దీని మీద క్రిస్టఫర్ కెయిన్ 2007లో 'సెప్టెంబర్ డాన్' తీశాడు. జాన్ వాయిట్ బిషప్పు. ఒక ప్రేమజంట, ప్రార్థనల మీద ప్రార్థనలు, కత్తుల మీద కత్తులు. రోజర్ ఈబర్ట్ దానికి సున్నా వేశాడు. నాకూ అదే అనిపించింది, కాకపోతే కారణం వేరు. 1857లో ఫెడరల్ సైన్యం యూటా మీదికి బయలుదేరింది. చుట్టుముట్టేస్తున్నారన్న భయంలో ఉన్న చిన్న రాజ్యం, ఆ భయానికి దైవాజ్ఞ రంగు పూసిన పెద్దలు, చేతిలో తుపాకీ పడ్డ మామూలు రైతులు. అసలు కథ అక్కడుంది. సినిమా మాత్రం గడ్డం పెంచిన మతపెద్ద కళ్లలో క్రౌర్యం చూపించి పని అయిపోయిందనుకుంది. 1948 హైదరాబాదు గురించి ఆలోచించేవాడికి ఈ తప్పు బాగా తెలిసిన ముఖంలా కనపడుతుంది.

మన దగ్గర తొలి గట్టి ప్రయత్నం 'మా భూమి'. నిర్మాత బి. నర్సింగరావు, ఆయనతో జి. రవీంద్రనాథ్. దర్శకుడు గౌతమ్ ఘోష్, ముప్పై ఏళ్లు కూడా నిండని బెంగాలీ, తెలుగు రాదు. గంగూలీ వెళ్లిపోయిన ఊరికి అర్ధశతాబ్ది తరవాత మళ్లీ ఒక బెంగాలీయే వచ్చి కెమెరా పెట్టాడు. మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. షూటింగు మెదక్ జిల్లా మంగళపర్తిలో, నిజం గడి, నిజం ఊరివాళ్లు. సినిమా 1979లో పూర్తయింది, 1980లో హాళ్లకు వచ్చింది. సాయిచంద్ రామయ్య. తెలంగాణ శకుంతల తొలిసారి తెరకెక్కింది ఇందులోనే. బండి యాదగిరి కట్టిన పాటను గొంగడి భుజాన వేసుకుని గద్దర్ తెర మీద పాడాడు. ఆ పోరాట కాలపు పాటగాడి పాట అది. సికింద్రాబాదు పక్క అల్వాల్‌లో కాపురమున్న గద్దర్‌ను ఊరూరా జనం ముఖం చూసి గుర్తుపట్టడం ఈ బొమ్మతోనే మొదలైంది.

'మా భూమి'లో ప్రతి కదలికకూ భూమే కారణం. రామయ్య జాగీర్దారు దౌర్జన్యం భరించలేక పట్నం పారిపోతాడు, రిక్షా తొక్కుతాడు, ఫ్యాక్టరీలో చేరతాడు. అక్కడ అతనికి దారి చూపించేవాడు మక్బూల్, యూనియన్ నాయకుడు. మగ్దూం మొహియుద్దీన్ నీడ ఆ పాత్ర మీద తెలుస్తూనే ఉంటుంది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన మగ్దూమే. రజాకారు, మక్బూల్ ఒకే మతం వాళ్లని సినిమా విడమరిచి చెప్పదు, అక్కర లేదు. చివర్లో యూనియన్ సైన్యం వస్తుంది. దాని వెనక, పారిపోయిన దొరలు ఖద్దరు టోపీలు పెట్టుకుని దిగుతారు. తెలుగు తెర మీద ఇంత చేదు నిజం ఇంత పొదుపుగా ఇంకెక్కడా చూడలేదు. రామయ్య చనిపోయేది రజాకారు చేతిలో కాదు, ఆ తరవాత. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య లెక్క ప్రకారం పోరాటంలో ఒరిగినవాళ్లు నాలుగు వేలమంది. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా పట్టిన ఆ మూడేళ్లను కలిపి చూపించిన సినిమా ఇదొక్కటే.

ఇందులో లోటు కూడా ఉంది. ఎర్ర అభిమానులు ఒప్పుకోరు గానీ, 'మా భూమి'లో రజాకారుకు మనసు లేదు. దొర చేతి కర్ర, అంతే. కర్రకు నమ్మకాలు ఉండవు. ఒక పేద ముసల్మాను ఖాకీ తొడుక్కుని పక్కింటివాడి ఇల్లు ఎందుకు తగలబెట్టాడు, మసీదు ముందు ఏం విన్నాడు, అనల్ మాలిక్ అన్న మాట అతని నరాల్లో ఏం చేసింది? వర్గం లెక్కతోనే దీనికి జవాబు దొరకదు. దొరకనిచోట సినిమా పక్కకు తప్పుకుంది. నలభై ఏళ్ల తరవాత ఇంకొకరు వచ్చి అక్కడే గుడారం వేశారు.

మధ్యలో వచ్చినవి త్వరగా చెప్పేస్తాను. దాశరథి రంగాచార్య నవలతో 1977లో టి. మధుసూదనరావు తీసిన 'చిల్లర దేవుళ్లు' గడి లోపలి కథ, రజాకార్లకు ముందు రోజులది. నర్సింగరావు 1988లో సొంతంగా తీసిన 'దాసి' ఇంకా లోపలికి, గడి వంటింటి దాకా వెళ్లింది. అర్చన ముఖం మీదే సగం సినిమా నడుస్తుంది, జాతీయ అవార్డులు అయిదు వచ్చాయి. మతం ఊసే లేదు, అయినా నిజాం రాజ్యం అంటే ఏమిటో దానంత బాగా చెప్పిన బొమ్మ లేదు. అల్లాణి శ్రీధర్ 'కొమరం భీమ్' 1990లో తయారై 2010 దాకా హాళ్ల మొహం చూడలేదు. ఆదిలాబాదు అడవి అంచున, చాందా సరిహద్దు పక్కన, జోడేఘాట్‌లో 1940లో కూలిన గోండు యోధుడి కథ. అసలు సరిహద్దు హింస అన్న మాట ఏ సినిమాకైనా సరిగ్గా అతుకుతుందంటే దానికే. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో ఆర్. నారాయణమూర్తి 'వీర తెలంగాణ' తీశాడు. 2011లో విజయేంద్రప్రసాద్ దర్శకత్వంలో నాగార్జున 'రాజన్న' వచ్చింది. పాటల కోసం చూశారు జనం, తప్పులేదు, పాటలు బాగుంటాయి. అందులో రజాకార్లు హీరో చేతిలో చావడానికి వచ్చేవాళ్లే. గుర్రం, తురాయి టోపీ, గట్టి నవ్వు. ఏ రాజ్యం, ఏ సరిహద్దు అన్నది కళాదర్శకుడి పని. మరాఠీలోనూ 2015లో 'రజాకార్' అని ఒక సినిమా వచ్చింది. మరాఠ్వాడాకు కూడా అదే గాయం మరి.

ఇక 2024. మార్చి 15న యాట సత్యనారాయణ దర్శకత్వంలో 'రజాకార్' విడుదలైంది. నిర్మాత గూడూరు నారాయణరెడ్డి, బీజేపీ నాయకుడు. నిజాంగా మకరంద్ దేశ్‌పాండే, రజ్వీగా రాజ్ అర్జున్, పటేల్‌గా తేజ్ సప్రూ. బాబీ సింహా, అనసూయ, వేదిక, ఇంద్రజ తలా ఒక ఊరి కథను మోశారు. 2023 సెప్టెంబరులో టీజరు వచ్చినప్పుడే గొడవ. అప్పటి మంత్రి కేటీఆర్ సెన్సారు బోర్డు దాకా తీసుకుపోతామన్నాడు. కోర్టు మెట్లు కూడా ఎక్కింది. ఈ సినిమాను దాని కాలం నుంచి విడదీసి చూడలేం. 2022 నుంచి సెప్టెంబరు 17న కేంద్రం సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్‌లో హైదరాబాదు విమోచన దినం జరుపుతోంది. అదే రోజుకు రాష్ట్ర సర్కారు ముందు జాతీయ సమైక్యతా దినమని, ప్రభుత్వం మారాక ప్రజాపాలన దినమని పేరు పెట్టింది. కమ్యూనిస్టులకది విద్రోహం, మరికొందరికి విలీనం. ఒకే తారీఖుకు ఇన్ని పేర్లున్న చోట సినిమాకు ఒకే అర్థం ఉండాలని నిర్మాత పట్టుబట్టాడు.

సినిమాగా చూస్తే పనితనం తక్కువేం కాదు. భీమ్స్ సంగీతం ఊరి గొంతు పట్టుకుంది. బైరాన్‌పల్లి ఘట్టంలో హాలు ఊపిరి బిగబట్టడం అర్థమవుతుంది. ఆ ఊరి చావులు పెద్ద తెర మీద కనపడటానికి డెబ్భై అయిదేళ్లు పట్టింది, అందుకు ఎవరైనా సిగ్గుపడాల్సిందే, ముఖ్యంగా ఇన్నాళ్లూ ఆ మాట ఎత్తితే మతతత్వమంటారేమోనని తప్పించుకున్న మేధావులు. అంతవరకు ఈ సినిమాకు మెచ్చుకోలు ఇవ్వాలి. కానీ ఒక దారుణం వెనక ఇంకో దారుణం తోసుకొస్తుంటే, రెండో గంటకు చూసేవాడికి ఊరు, తేదీ, మనిషి అన్నీ కలిసిపోయి ఒకే ఒక్క ఉన్మాదపు ముఖం మిగులుతుంది. కథ బరువంతా మతం మీద ఉంచేసరికి దేశ్‌ముఖులు నేపథ్యంలోకి జారిపోయారు. 'మా భూమి' రజాకారు నుంచి మతాన్ని తీసేసింది, ఇది రజాకారు నుంచి గడిని తీసేసింది. పటేల్ పంపిన సైన్యం రావడంతో జెండా ఎగిరి కథ ముగుస్తుంది. 1980 నాటి సినిమా అసలు విషాదాన్ని మొదలుపెట్టింది ఆ చోటు నుంచే.

ఆ సెప్టెంబరు తరవాతి నెలల్లో ముసల్మానులకు జరిగినదాని గురించి మాత్రం రెండు సినిమాలకూ నోరు పెగల్లేదు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా జిల్లాలు తిరిగింది. పోలీస్ యాక్షన్ సమయంలోనూ ఆ తరవాతా చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది అని రాసింది, ఎక్కువమంది ముసల్మానులు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంట పడలేదు. ఇది రజాకార్ల పాపాన్ని కడిగెయ్యదు. బైరాన్‌పల్లి చావులు ఈ చావులకు చెల్లు కావు, ఇవి వాటికి చెల్లు కావు. సినిమా చెల్లు లెక్కే రాస్తుంది, ఎందుకంటే ప్రేక్షకుడు చివర్లో తేలికపడి ఇంటికి పోవాలి.

ఇక్కడే ఒక చమత్కారం జరిగింది. తెలంగాణ ప్రభుత్వం నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరిట సినిమా అవార్డులు పెట్టి, 2025లో ఇచ్చింది. 2024 చిత్రాలకు చరిత్ర, వారసత్వం, పర్యావరణం విభాగంలో బహుమతి 'రజాకార్'కు వచ్చింది, సంగీతానికి భీమ్స్‌కు కూడా అదే సినిమాతో. 'మా భూమి'లో గొంగడి వేసుకుని పాడిన మనిషి పేరిట, దానికి పూర్తిగా ఎదురు దిక్కున నిలబడ్డ సినిమాకు. గద్దర్ బతికుంటే దీని మీద ఒక పాట కట్టి ఉండేవాడు, ఎవరి మీద కట్టేవాడో చెప్పడం కష్టం.

నన్నడిగితే ఈ కాలం మీద తియ్యాల్సిన బొమ్మ కాచిగూడలో ఉంది. షోయబుల్లా ఖాన్, 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు, వయసు ముప్పై లోపు. యూనియన్‌లో చేరడమే మేలని రాశాడు. ఏడుగురు ముస్లిం ప్రముఖులు అదే మాట చెబుతూ 1948 ఆగస్టులో ప్రకటన ఇస్తే దాన్ని అచ్చు వేశాడు. ఆ నెలలోనే ఒక రాత్రి పత్రిక పని ముగించుకుని ఇంటికి పోతుంటే లింగంపల్లి చౌరస్తా దగ్గర కాపు కాశారు. తుపాకీతో కాల్చి, రాసిన చెయ్యి నరికారు. వెంట ఉన్న బావమరిది చెయ్యి కూడా తెగింది. బైరాన్‌పల్లికి అయిదు రోజుల ముందు మాట ఇది. చంపినవాళ్లదీ చచ్చినవాడిదీ ఒకే మసీదు, ఒకే భాష. ఉన్మాదం ముందుగా తనవాళ్లలో ఎవరి నోరు మూయిస్తుందో చెప్పడానికి ఇంతకంటే సూటి కథ దొరకదు. నిజాయితీగా తియ్యాలంటే సగం సంభాషణలు ఉర్దూలో ఉండాలి. ఆ రాజ్యంలో కోర్టు, కచేరీ, పత్రిక, కవాతు అన్నీ ఉర్దూలోనే నడిచాయి కదా. ముసల్మాను కథానాయకుడు, ఉర్దూ మాటలు, జైత్రయాత్ర లేని ముగింపు. ఇలాంటిదానికి పెట్టుబడి పెట్టే నిర్మాత ఎర్ర జెండా వైపు నుంచీ రాలేదు, కాషాయం వైపు నుంచీ రాలేదు.